పడవవాడు లేని బొమ్మ

మా అమ్మమ్మ మూకీ సినిమాలకు కథలు రాసింది. ఈ మాట మా ఇంట్లో ఎవరూ బయటివాళ్ళ దగ్గర ఎత్తేవాళ్ళు కాదు. సిగ్గుపడి కాదు, నమ్మకం లేక. చూపించడానికి ఏమీ మిగల్లేదు. యుద్ధంలో రంగూను మీద బాంబులు పడ్డప్పుడు ఆ సినిమాలు తీసిన కంపెనీ షెడ్డూ అందులోని రీళ్ళూ కాలి బూడిదైపోయాయని అమ్మమ్మే చెప్పేది. మా మావయ్యలు నవ్వేవాళ్ళు. "రేవులో బస్తాలు మోసినోడి కూతురు సినిమా రాసిందంట," అని ఒకరితో ఒకరు, ఆమెకు వినపడేలాగే అనుకునేవాళ్ళు. అమ్మమ్మ వాళ్ళకేసి చూడకుండా చేటలో బియ్యం చెరుక్కునేది.

నమ్మింది మా అమ్మ ఒక్కతే. నేను సగం నమ్మాను.

అమ్మమ్మ తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి రంగూను రేవులో పనికి వచ్చినవాడు. ఆయనకు సినిమా పిచ్చి. అప్పట్లో బొమ్మకు మాట లేదు; మధ్యమధ్యలో తెర మీద బర్మా అక్షరాలు పడేవి. తెర ముందు నేల మీద కూర్చునే మన కూలీలకు ఆ అక్షరాలు రావు. మిషనరీల బడికి వెళ్ళి బర్మా చదవడం, రాయడం నేర్చిన పిల్ల ఆ వీధి మొత్తం మీద అమ్మమ్మే. అందుకని తండ్రి ఆమెను వెంటబెట్టుకు వెళ్ళేవాడు. అక్షరాలు పడగానే ఆమె గట్టిగా తెలుగులో చెప్పేది. చుట్టుపక్కల వాళ్ళు కొంచెం కొంచెంగా జరిగి ఆమె చుట్టూ మూగేవాళ్ళు. కొన్నాళ్ళకు ఆ పిల్ల రాందే ఆట మొదలుపెట్టొద్దని కేకలు వేసేవాళ్ళట.

ఆ హాలు యజమాని సినిమాలు కూడా తీసేవాడు. బర్మా ఆయనే అయినా రేవు మనుషులతో మసిలి తెలుగు వచ్చింది. ఒకరోజు వెనక నిలబడి విన్నాడు. ఆట అయ్యాక ఆమెను పిలిచి, "అక్కడ లేనివి కూడా చెబుతున్నావే," అన్నాడు.

"లేకపోతే బాగోదు కదండి," అంది అమ్మమ్మ.

ఆయన కోప్పడలేదు. అలాంటిదే ఒక కథ చెప్పమన్నాడు. ఆమె చెప్పింది. మరుసటి వారం దాన్ని రాసి తెమ్మన్నాడు. అలా మూడు సినిమాలకు రాసింది. అప్పటికి పెళ్ళి కాలేదు. కథతో బాటు, ఎక్కడ ఏ అక్షరాల అట్ట పడాలో కూడా తనే రాసేది. ఆ పని గురించి అమ్మమ్మ నాతో చెప్పింది నాకు ఇప్పటికీ గుర్తుంది. "ఆడది ఏడుస్తంది అని అట్ట మీద రాయకూడదే. సూసినోలకి కళ్ళు లేవేటి? ఏడుపు ఆపుకోడానికి ఏటి సేస్తందో అది రాయాల. పొయ్యి ఊదుతాది. నీల్ల కుండ తీసి మల్లీ అక్కడే పెడతాది. అది."

ఆ మూడు సినిమాల్లో ఒక్కదాని మీదా ఆమె పేరు పడలేదు. మొదటి రెంటికీ యజమాని తన పేరే వేసుకున్నాడు. మూడోదానికి నీ పేరు వేస్తానని మాటిచ్చాడు. ఆ సినిమా పూర్తయ్యేసరికి రేవులో మనవాళ్ళకూ బర్మా కూలీలకూ గొడవలు వచ్చాయి. వీధుల్లో మనుషులను నరికారు. మా ముత్తాత వారం రోజులు ఇంట్లోంచి కదల్లేదు. ఆ తరవాత అమ్మమ్మ కంపెనీకి వెళితే యజమాని గుమ్మంలోనే నిలబడి మాట్లాడాడు. మనల్ని ఇక్కడ కలా అంటారు, ఇండియా వాళ్ళని. ఒక కలా పిల్ల రాసిందని తెలిస్తే ఈ రోజుల్లో హాలు తగలబెడతారు, ఇక రావద్దు, అన్నాడు. చెడ్డగా ఏమీ అనలేదట. ఆయన కళ్ళలో కూడా భయమే కనపడిందట. అమ్మమ్మ తిరిగి వచ్చేసింది. ఆ మరుసటి ఏడు రేవులోనే పనిచేసే మా తాతయ్యకిచ్చి పెళ్ళి చేశారు. మళ్ళీ కలం పట్టలేదు.

ఆ మూడో కథ ట్వంటే కుమ్మరామెది. రంగూను నుంచి ఏరు దాటి కాలవలో పడవ మీద వెళితే ట్వంటే. ఇప్పటికీ అక్కడ కుండలు చేస్తారు. అమ్మమ్మ తండ్రిని తోడు తీసుకుని షూటింగుకు అక్కడికి వెళ్ళి కుమ్మరి వాళ్ళ పెరట్లోనే ఉందట. మా అమ్మ చిన్నతనమంతా ఈ కథ వింటూ గడిచింది. నా చిన్నతనమూ అంతే. మధ్యాహ్నం కరెంటు పోయి ఉక్కపోసినప్పుడు, జ్వరం వచ్చినప్పుడు, రంగూనులో మా పేట లమ్మడా వీధుల్లో వాన నీళ్ళు నిలిచి బడికి వెళ్ళలేనప్పుడు అడిగేదాన్ని.

కథ ఇంతే. ఒక కుమ్మరి పడవ నిండా కుండలు వేసుకుని రంగూను బయలుదేరతాడు. తిరిగి రాడు. పెళ్ళాం ఒక పంట కాలం చూసి, కూతుర్ని చిన్న పడవలో ఎక్కించుకుని వెతకడానికి వెళుతుంది. కాలవ పెద్ద ఏట్లో కలిసే చోట స్టీమరు అల వచ్చి కొడుతుంది. పిల్ల నీళ్ళలో పడిపోతుంది. తల్లి అరుస్తుంది; ఆ అరుపు మనకు వినపడదు. అప్పుడు ఎదురుగా ఇంకో పడవ వస్తుంది. అందులోని పడవవాడు దూకి, పిల్లను జుట్టు పట్టుకుని పైకి లాగి, భుజాన బోర్లా వేసుకుంటాడు. పిల్ల నీళ్ళు కక్కుతుంది. కళ్ళు తెరుస్తుంది. తల్లి తన తలగుడ్డ విప్పి పిల్ల జుట్టు తుడుస్తుంది. అక్కడికొచ్చేసరికి అమ్మమ్మ గొంతు తగ్గేది. "ఎంతసేపు తుడిసిందో. ఆరిపోనా తుడిసింది." తరవాత పడవను వెనక్కి తిప్పి ఇంటికి పోతుంది.

"మరి మొగుడు?" అని అడిగేదాన్ని.

"ఆడేమైతే ఏటి," అనేది అమ్మమ్మ.

నేను పదో తరగతిలో ఉండగా అమ్మమ్మ పోయింది. ఎందరో మన వాళ్ళు దేశం విడిచి ఇండియా ఓడలెక్కిన రోజుల్లో కూడా ఆమె కదలనంది. ఒకసారి నడిచి వెళ్ళాను, చాలు, అంది. యుద్ధంలో ఇండియాకు నడిచి వెళ్ళి, అది ముగిశాక తిరిగొచ్చారు; ఆ నడిచిన దారి గురించి అంతకు మించి ఒక్క మాట మాట్లాడేది కాదు. ఆ దారిలో ఒక పిల్ల పోయిందని మాకు తెలుసు. మా అమ్మకంటే పెద్దది. ఇంట్లో "పెద్దది" అనేవాళ్ళు, అదీ అమ్మమ్మ లేనప్పుడు. ఆ పిల్లకు ఫోటో లేదు. పేరు కూడా మాకెవరూ చెప్పలేదు.

ఇదంతా పాత సంగతి. ఇప్పుడు నాకు అరవై దాటాయి. లమ్మడాలోనే, అదే నాలుగో అంతస్తు ఫ్లాటులో ఉంటున్నాను. కింద వీధిలో మందుల షాపులో కూర్చుంటాను. భర్త పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. అమ్మ నా దగ్గరే ఉండేది. ఎనభై దాటాక మెట్లు దిగడం మానేసింది. మంచం నుంచి కిటికీ దాకా, కిటికీ నుంచి మంచం దాకా. కళ్ళు మాత్రం బాగా కనిపించేవి, ఆపరేషన్ అయ్యాక.

కిందటేడు వేసవిలో ఒక బర్మా అమ్మాయి షాపుకు వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. పాత సినిమాలు వెతికి భద్రపరిచే పని చేస్తానంది. మందు కొనడానికి కాదు, మీ కోసమే వచ్చానంది. రేవులో పనిచేసిన పాత తెలుగు కుటుంబాల గురించి అడిగితే వీధి చివర గుడి పూజారి పంపాడట.

ఆమె చెప్పింది ఇది. ట్వంటేలో ఒక ముసలాయన పూర్వం పగోడా తిరునాళ్ళలో తెర కట్టి బొమ్మలు ఆడించేవాడు. ఆయన పోయాక ఇంట్లో వాళ్ళు మెట్ల కింద రేకు డబ్బా తెరిస్తే ఒక రీలు కనపడింది. అసలు రీలు కాదు, దాన్నుంచి తరవాత తీసిన చిన్న కాపీ. బూజు పట్టినా పూర్తిగా పోలేదు. దాన్ని వేరే దేశం పంపి శుభ్రం చేయించి కంప్యూటర్లోకి ఎక్కించారు. సినిమా ట్వంటేలోనే తీసింది కాబట్టి ఈ అమ్మాయి అక్కడ ఇల్లిల్లూ తిరిగి అడిగింది. ఒక ముసలి కుమ్మరామె తన తల్లి చెప్పిన మాట చెప్పింది: షూటింగు వాళ్ళు మా పెరట్లోనే దిగారు, కెమెరా పక్కన కూర్చుని తరవాత ఏం జరగాలో చెప్పింది ఒక కలా పిల్ల, వాళ్ళ నాన్న రేవులో పనివాడు, అని.

నేను గల్లాపెట్టె పక్కన స్టూలు మీద కూర్చుండిపోయాను.

"కుండల పడవలో వెళ్ళిన భర్త తిరిగి రాడు," అన్నాను. "పెళ్ళాం కూతురితో వెతకడానికి వెళుతుంది."

ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది.

ఆ ఆదివారం లాప్‌టాప్ తీసుకుని ఇంటికి వచ్చింది. అమ్మ ముందు రోజు తలంటుకుని, ఉతికిన చీర కట్టించుకుని కూర్చుంది. కరెంటు లేదు. లాప్‌టాప్ బ్యాటరీ నిండా ఉందని అమ్మాయి చెప్పింది. కిటికీకి దుప్పటి కట్టాను. మంచం మీద అమ్మ పక్కన నేను, అటు పక్క ఆ అమ్మాయి.

మొదట అక్షరాలు వచ్చాయి. కథ అని ఉన్నచోట హాలు యజమాని పేరు. అమ్మ అది చదివింది. తరవాత పొగ. కుండలు కాల్చే బట్టీల మీంచి లేచే పొగ. బూజు తిన్న చోట తెల్ల మచ్చలు పువ్వుల్లా విరిసి మాయమవుతున్నాయి. కాలవ. ఒడ్డున కుండలు వరసగా. ఒకామె చక్రం ముందు కూర్చుని వెనక్కి తిరిగి చూసింది.

అమ్మ నా మోకాలు పట్టుకుంది. "ఇప్పుడు కుక్క ఒస్తాది," అంది. "కుండ వాసన సూసి పోతాది."

కుక్క వచ్చింది. కుండ వాసన చూసి పోయింది.

"ఏమన్నారు?" అంది అమ్మాయి. నేను బర్మాలో చెప్పాను. ఆ అమ్మాయి తెర వైపు చూడ్డం మానేసి అమ్మ వైపు తిరిగింది. అప్పటి నుంచి అమ్మ ప్రతిదీ ముందే చెబుతూ వచ్చింది. మొగుడు పడవలో కూర్చుని చెప్పు దులుపుకుంటాడు, కూతురు వేలెడంత కుండ చేసి తండ్రి చేతిలో పెడుతుంది, పెళ్ళాం ఆ రాత్రి రెండు కంచాలు పెట్టి ఒకటి తీసేస్తుంది. అన్నీ అలాగే జరుగుతున్నాయి. మా అమ్మమ్మ అబద్ధం చెప్పలేదు. ఆమె పోయి నలభై ఏళ్ళు దాటింది. మా మావయ్యలు కూడా పోయారు. ఎవరికి చెప్పాలో నాకు తెలియలేదు. ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంటోంది. అమ్మ మాత్రం నవ్వుతోంది, పళ్ళు లేని నోటితో, చిన్నపిల్లలా.

పెద్ద ఏరు వచ్చింది. స్టీమరు వచ్చింది. అల తాకింది. పిల్ల పడిపోయింది. తల్లి నోరు తెరిచి అరిచింది.

"ఇప్పుడు పడవోడు ఒస్తాడు," అంది అమ్మ.

నీళ్ళు కనిపిస్తున్నాయి. నీళ్ళ మీద ఎండ. తల్లి పడవలో అటూ ఇటూ పాకుతోంది. మళ్ళీ నీళ్ళు.

"ఒస్తాడు," అంది అమ్మ.

ఎవరూ రాలేదు. తరవాత ఒడ్డు. తల్లి ఒక్కతే బురదలో కూర్చుని ఉంది. తడిసిన తలగుడ్డను పిండుతోంది. పిండి, విప్పి, మళ్ళీ మడిచి పిండుతోంది. ఆ తరవాత ఇల్లు, చక్రం. ఆమె చక్రం ముందు కూర్చుంది కానీ దాన్ని తిప్పలేదు. చివర ఒక అట్ట పడింది, సమాప్తం అని.

"పడవోడేడీ?" అంది అమ్మ.

నేను అమ్మాయిని అడిగాను, రీలు ఎక్కడైనా తెగిపోయిందా అని. ఆమె తల అడ్డంగా ఊపింది. "లేదు ఆంటీ. ఈ చివరి భాగం మొత్తంలో ఒక్క అతుకు కూడా లేదు. ఇదే ముగింపు." తరవాత అమ్మ వైపు వంగి, "అఫ్వా, మీకు వేరేలా చెప్పారా?" అంది. అఫ్వా అంటే అమ్మమ్మ. ముసలివాళ్ళను ఇక్కడ అలాగే పిలుస్తారు.

అమ్మ లాప్‌టాప్ తెర మీద చెయ్యి పెట్టింది. అప్పటికి తెర నల్లగా అయిపోయింది.

మళ్ళీ వేయమంటారా అని అమ్మాయి అడిగింది. "సాలు," అంది అమ్మ.

టీ తాగాక ఆ అమ్మాయి భయపడుతూనే ఇంకో మాట అడిగింది. ఇంట్లో మీకు తెలిసిన కథను మీ నోటితో చెబితే ఫోన్లో రికార్డు చేసుకుంటానని. వద్దంటుందనుకున్నాను. అమ్మ ఒప్పుకుంది. మొదటి నుంచీ తను విన్నట్టే తెలుగులో చెప్పింది, నేను ఆగి ఆగి బర్మాలోకి మార్చాను. పడవవాడి దగ్గరికి వచ్చింది. అమ్మ ఆగలేదు. పడవవాడు దూకాడు, జుట్టు పట్టి లాగాడు, పిల్ల నీళ్ళు కక్కింది, తల్లి జుట్టు తుడిచింది.

"కానీ సినిమాలో..." అంది అమ్మాయి మెల్లగా.

"సినిమాలో నేదు. నాకు కనపడింది కదా," అంది అమ్మ. "మా అమ్మ తరవాత మార్సినాది. రాసినోలు మార్సుకోకూడదేటి?"

ఆ మాట నేను బర్మాలోకి మార్చి చెప్పాను. ఆ అమ్మాయి రికార్డింగు ఆపేసింది.

ఆ రోజు అమ్మ సరిగ్గా అన్నం తినలేదు. సాయంత్రం కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి తల దువ్వుతుంటే తనంతట తనే మొదలుపెట్టింది. నాతో ఎన్నడూ చెప్పని సంగతి. తాతయ్య పోయే ముందు అమ్మతో చెప్పాడట.

యుద్ధం వచ్చినప్పుడు ఇండియా ఓడలకు టిక్కెట్లు దొరకని వాళ్ళంతా కొండల మీంచి సముద్రం వైపు నడిచారు. మా అమ్మ అప్పటికి చంకలో పిల్ల. పెద్దది నడిచేది. దారిలో నీళ్ళు లేవు. ఒకచోట సెలయేరు కనపడింది. తాగొద్దని అందరూ అరుస్తుంటే పెద్దది పరిగెత్తి దోసిళ్ళతో తాగేసింది. ఆ నీళ్ళలో పైన శవాలున్నాయని తాతయ్య తరవాత చూశాడు. వాంతులు మొదలయ్యాయి. మర్నాడు పొద్దెక్కేసరికి పోయింది.

"ఆయమ్మ లేవలేదంట," అంది అమ్మ. తన తల్లినే ఆయమ్మ అంది, ఎవరో తెలియని మనిషి గురించి చెబుతున్నట్టు. "గుంట జుట్టంతా వాంతి అయిపోనాది కదా. ఆ ఏట్లోనే కడిగినాది. ఒల్లో పడుకోబెట్టుకుని చీర కొంగుతోటి తుడుస్తానే ఉంది. అందరూ ఎల్లిపోతన్నారు. రాత్రికి కొండ దిగకపోతే బతకం. మా నాన్న నన్ను ఎత్తుకుని నిలబడి సూసి సూసి, ఆరిపోనాదే, ఇంక లే, అన్నాడంట. అప్పుడు లేసినాది."

దువ్వెనకు చిక్కుకున్న వెంట్రుకలు తీశాను.

కాసేపటికి అమ్మ, "ఆ కత రాసినప్పుడు పెల్లి కూడా కాలేదు కదా," అంది. "గుంట సచ్చిపోతే కత బాగుంటాది అనుకున్నాది. సిన్నపిల్ల. ఏటి తెలుసు."

నాకు అమ్మమ్మ ముఖం గుర్తొచ్చింది. కథ అడిగిన ప్రతిసారీ, నేను ఎంత విసిగించినా, వద్దనకుండా చెప్పేది. మిగిలిన రెండు సినిమాల కథలు అడిగితే మరిచిపోయానంటూ తప్పించుకునేది. దీన్ని మాత్రం ఎన్నిసార్లయినా చెప్పేది. పిల్లను నీళ్ళలో పడేసి, మళ్ళీ పైకి తీసేది. మా అమ్మ చిన్నతనం నుంచి నా పదో తరగతి దాకా ఎన్ని మధ్యాహ్నాలు ఆ పని చేసిందో.

తరవాతి వారం అమ్మాయి ఫోన్ చేసి, సినిమా ముందు ఒక కొత్త అట్ట చేరుస్తామనీ, కథ ఎవరిదో అందులో వేస్తామనీ చెప్పింది. కంపెనీలో అమ్మమ్మకు బర్మా పేరు ఒకటుండేదని ట్వంటే ముసలామె చెప్పిందట. అది వేయాలా, ఇంట్లో పిలిచే పేరు వేయాలా అని అడిగింది. నేను ఫోన్ పట్టుకుని అమ్మ వైపు చూశాను.

"ఇంట్లో పిలిసింది ఎయ్యమను," అంది అమ్మ.

రంగూనులో ఆ సినిమా అందరికీ చూపించాలని ఆ అమ్మాయి అనుకుంది. హాలు కూడా మాట్లాడింది. అది జరగలేదు. వయసులో ఉన్నవాళ్ళను సైన్యంలోకి తీసుకునే చట్టం వచ్చాక మా మెట్ల మీద కుర్రకారు అడుగుల చప్పుడే తగ్గిపోయింది. ఆ అమ్మాయి తమ్ముణ్ణి తీసుకుని సరిహద్దు దాటిపోయింది. వెళ్ళే ముందు చెప్పడానికి కూడా వీలు లేకపోయింది. వెళ్ళాక ఎవరిదో నంబరు నుంచి ఒక మెసేజు పెట్టింది, సినిమా తన దగ్గర భద్రంగా ఉందని.

వానాకాలం మధ్యలో అమ్మ పోయింది. రెండు రోజులు ఆయాసం, మూడో రోజు పొద్దున్న టీ తాగింది, నేను గ్లాసు కడిగి వచ్చేసరికి లేదు. కింద బియ్యం కొట్టువాళ్ళు ఇద్దరు పైకొచ్చి, కుర్చీలో కూర్చోబెట్టి నాలుగంతస్తులూ దింపారు. అన్నేళ్ళ తరవాత అమ్మ మెట్లు దిగింది. శ్మశానం దగ్గర మన వాళ్ళం ఏడెనిమిది మందిమి ఉన్నాం. కట్టెలు తడిగా ఉన్నాయి. అంటుకోవడానికి చాలాసేపు పట్టింది.

ఈ మధ్య ఒక మధ్యాహ్నం షాపులో ఉండగా ఆ అమ్మాయి ఫోన్ చేసింది. అమ్మ సంగతి చెప్పాను. అటు నుంచి ఏదో బండి శబ్దం, ఎవరో థాయి భాషలో పిలుస్తున్న శబ్దం. తరవాత, అక్కడ చిన్న గదిలో పదిమందికి సినిమా వేస్తున్నామనీ, అట్ట తయారు చేస్తున్నామనీ, అమ్మమ్మ పేరు బర్మా అక్షరాల్లో ఎలా రాయాలో ఒకసారి చెప్పమనీ అడిగింది.

అక్షరం అక్షరం చెప్పాను. మా అమ్మమ్మ పేరులో ర ఉంది, రెండుసార్లు. బర్మా వాళ్ళకు రాయడానికి ఆ అక్షరం ఉంది గానీ దాన్ని య అని పలుకుతారు. ఆమె రాసుకుని, సరిచూసుకోడానికి పైకి చదివింది. రెండు చోట్లా య. తప్పుందా ఆంటీ అని మళ్ళీ ఒకసారి, ఇంకా నెమ్మదిగా చదివింది. ఆ పేరు బయటి మనిషి నోట వినడం నా జీవితంలో అదే మొదలు.

సరిగ్గానే ఉంది, అన్నాను.